పిలువని పేరంటము

గడచిన పుష్యమాసములో ఒకనాటి సాయంకాలము నేను దీపము పెట్టి వాకిటికి వచ్చునప్పటికి, మావారి శిష్యుడొకడు వీధి అరుగుమీద ముడుచుకొని కూర్చుండి యుండెను. వాడు తొమ్మిదవ తరగతి పిల్లవాడు, చదువులో చుఱుకైనవాడు, మా యింట చనువుగా తిరుగువాడు. నన్ను చూచి లేచి, చేతిలోని లెక్కల పుస్తకమును తెఱచి చూపెను. అందు లెక్కలు లేవు. ఒక పెద్ద వలయము, దానిలోపల ఐదు కొనల నక్షత్రము, వెలుపల ఒక త్రికోణము, చుట్టును నేనెఱుగని లిపిలో ఏవేవో అక్షరములు గీచియుండెను. ఏదో ఇంగ్లీషు సినిమాను ఫోనులో చూచి వ్రాసికొన్నాడట.

“అమ్మగారూ, దీనిని నేలమీద గీచి లోపల నిలువబడి పిలిచినచో దయ్యము వచ్చి, అడిగినది ఇచ్చునట. నిజమేనా?” అని అడిగెను.

“వచ్చినచో ఏమి అడుగుదువురా?” అంటిని.

వాడు తల వంచుకొని, “మా నాన్న అప్పు తీఱిపోవలెనని అడుగుదును” అనెను.

పెదవులమీదికి వచ్చిన నవ్వు అక్కడనే ఆగిపోయినది. వానికి రెండు అరిసెలు పెట్టి, ఆదివారము రమ్మని చెప్పి పంపితిని. వాని ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేక కాదు. ఆ సమాధానము చెప్పవలెనన్నచో, పదేండ్లుగా మావారితో తప్ప ఎవ్వరితోను చెప్పని మాట యొకటి చెప్పవలసియుండెను. ఆ మాటనే యిప్పుడు సోదరీమణులతో చెప్పబూనితిని.

బడిచదువు నాకు కొలదిగనే అబ్బినది. అమరము, రఘువంశము, భారత భాగవతములు మా తాతగారు ఇంట కూర్చుండబెట్టి చెప్పినవి. కుంతి కథ వచ్చినప్పుడెల్ల ఆయన చదువుట ఆపి ఒక మాట అనుచుండెడివారు. దూర్వాసుడిచ్చిన మంత్రము పనిచేయునో లేదో యని ఆ చిన్నది ముచ్చటపడి సూర్యుని పిలిచినది. ఆయన వచ్చినాడు. వచ్చినవానిని ఊరక పొమ్మనుట ఆమె తరము కాలేదు. “అమ్మాయీ, పిలుచుట పిల్లలకైనను చేతనగును, పంపుట పెద్దలకును కష్టమే” అని తాతగారి మాట. మన పూజ ఆవాహనముతో మొదలై ఉద్వాసనముతో ముగియుట యందులకే యని ఆయన చెప్పెడివారు.

ఆ మాట మనస్సున నుండుటచేతనే కాబోలు, పాశ్చాత్యుల భూతాహ్వానమును గుఱించి నేను చదివినప్పుడు అది నాకు బొత్తిగా పరాయిదిగా తోపలేదు. ఎందుకు చదువవలసివచ్చినదో తరువాత చెప్పెదను.

ఆ దేశములలో నీ విద్యకు ఆదిపురుషుడుగా చెప్పబడువాడు సొలొమోను చక్రవర్తి. ఆయన 72 భూతములను ఒక ఇత్తడిపాత్రలో బంధించి బాబిలోను సీమలోని సరస్సులో పడవేసెనట. లోపల ధనమున్నదను ఆశతో జనులు ఆ పాత్రను పైకి తీసి పగులగొట్టగా, భూతములన్నియు వెడలిపోయినవట. ఆ 72 భూతముల పేరులును, రూపములును, ఒక్కొక్కటి చేయగల పనులును తెలుపు గ్రంథము పేరు గోయెటియా. అందు రాజులు, ప్రభువులు, వారి క్రింద దండులు, మానవుల కొలువులో నున్నట్లే ఉన్నవి. 17వ శతాబ్దపు వ్రాతప్రతులలో నున్న ఆ గ్రంథమును 1904లో మాథర్స్, క్రౌలీ అనువారు ఇంగ్లీషున వెలువరించిరి. అంతకు ముందే, 1577లో, యోహాన్ వయర్ అను వైద్యుడు 69 భూతముల పట్టిక యొకటి ప్రకటించియుండెను. మంత్రగత్తెలను నెపమున అమాయకులైన స్త్రీలను కాల్చిచంపుట తప్పని ఆ కాలమున ధైర్యముగా వ్రాసినవాడును ఈయనయే. ఆ విషయము మన మాడువారము మఱువరానిది.

ఇక విధానము. తొమ్మిదడుగుల వెడల్పుగల వలయమును నేలమీద గీచి, దైవనామములు వ్రాసి, సాధకుడు అందులో నిలువవలెను. ఆ వలయమునకు రెండడుగుల దూరమున మూడడుగుల త్రికోణము గీయవలెను. పిలిచిన భూతము ఆ త్రికోణములోనికి రావలెను. సాధకుడు ముందుగా శుచియై, ప్రార్థన చేసి, నిప్పులమీద ధూపము వేసి మంత్రము చదువును. భూతము రానిచో మఱింత తీవ్రమైన మంత్రము. అప్పటికిని రానిచో దాని ముద్రను గంధకముతో కూడ పెట్టెలో పెట్టి నిప్పులపై కాల్చి హింసించుట. పని తీఱిన పిదప, ఎవ్వరికిని కీడు చేయక శాంతముగా మరలిపొమ్మని దానికి సెలవు ఇయ్యవలెను. సెలవిచ్చి పంపక ముందు వలయము దాటరాదు.

ఇందు నన్ను ఆశ్చర్యపఱచినది భూతముల పట్టిక కాదు. పిలువబడునది భూతమైనను, పిలుచుటకు వాడునవి దేవుని పేరులే. మనము ఆవాహనము చేయునప్పుడు పీట వేసి, కాళ్లకు నీళ్లిచ్చి, పెద్దచుట్టమును వలె పిలుతుము. వారు పై యధికారి పేరు చెప్పి క్రింది నౌకరును రప్పించినట్లు పిలుతురు. అట్లని మనవారు వారికంటె మిన్నయని చెప్పజాలను. లంకెబిందెలకై పాడుపడిన గుళ్లను త్రవ్వి, కాపలా యున్న భూతమునకు కోడినో మేకనో బలియిచ్చువారు మన సీమలలోను కలరు. అప్పులవాడు జర్మనీలో పుట్టినను, మన జిల్లాలో పుట్టినను, రాత్రివేళ అతనికి వచ్చు ఆలోచన యొక్కటియే.

జర్మనీ యంటిని కదా! ఆ దేశమున తురింగియా సీమలో యేనా యను పట్టణము కలదు. పేరుపొందిన విశ్వవిద్యాలయము అచ్చట నున్నది. ఆ కాలమున ఊరిచుట్టును కొండవాలులలో ద్రాక్షతోటలుండెను. 1715వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీ రాత్రి, అనగా క్రిస్మసు పండుగకు ముందురాత్రి, వేబర్ అను వైద్యవిద్యార్థియు, ఇద్దరు రైతులును ఒక ద్రాక్షతోటలోని చిన్నగుడిసెలో చేరిరి. భూతమును పిలిచి, దాచబడిన నిధిని తెచ్చి యిమ్మని యడుగుట వారి సంకల్పము. వారు నమ్ముకొన్న మంత్రగ్రంథములలో ఒకటి సొలొమోను పేరిటిది. మఱియొకటి ఫౌస్టు పేరిటిది. ఫౌస్టు అనువాడు 24 ఏండ్ల భోగమునకు తన యాత్మను దయ్యమునకు అమ్ముకొనెనను కథ 1587 నుండియు జర్మనీలో అచ్చులో నున్నది. ఆ కథ తుదకేమైనదో ఎఱిగియు, వాని పేరిటి పుస్తకమునే చేతబట్టి నిధిని కోరుట ఆశకున్న బలమును తెలుపుచున్నది.

ఆ రాత్రి చలి మిక్కుటముగా నుండెను. కావున వారు బొగ్గులు తెప్పించి గుడిసెలో నిప్పు రాజేసిరి. తలుపు బిగించుకొనిరి. మంత్రము మొదలిడిరి.

మఱునాడు పండుగపూట గుడిసె సొంతదారు వచ్చి చూచునప్పటికి రైతులిద్దరును మరణించియుండిరి. విద్యార్థి కొనయూపిరితో, మాట లేక పడియుండెను. అతడు తరువాత బ్రదికెను. కథ యింతటితో ముగిసిన బాగుండెడిది. ఆ రాత్రి శవములకు కాపుగా అధికారులు ముగ్గురు కావలివారిని ఆ గుడిసెలోనే యుంచిరి. వారికిని చలివేసినది. వారును అందులోనే బొగ్గులు రాజేసికొనిరి. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురిలో ఒకడు చనిపోయెను. తక్కిన యిద్దరు తెలివితప్పి యుండిరి.

ఇంక జనులకు సందేహమేల కలుగును? పిలిచిన దయ్యము వచ్చినది, పిలిచినవారిని చంపినది, సెలవిచ్చి పంపువారు లేక ఆ గుడిసెలోనే నిలిచి మఱునాడు కావలివారిని కూడ పట్టినది. దేశమంతట ఈ మాటయే. చిన్న చిన్న పుస్తకములు అచ్చయి అమ్ముడుపోయినవి.

అప్పుడు హాలె విశ్వవిద్యాలయములో వైద్యాచార్యుడైన ఫ్రెడరిక్ హాఫ్మన్ 1716లో ఒక పుస్తకము ప్రకటించి, వీరిని చంపినది దయ్యము కాదు, బొగ్గుల ఆవిరి యని వాదించెను. మూసిన గదిలో బొగ్గులు కాలినచో పుట్టు ఆవిరి మనుష్యుని చప్పుడు లేకుండ చంపునని చూపెను. ఈయన దయ్యములు లేవను నాస్తికుడు కాడు. దయ్యమునకు దేహములమీద గల శక్తిని గుఱించి 1703లో ఆయన యధ్యక్షతనే ఒక సిద్ధాంతవ్యాసము వెలువడియున్నది. దయ్యమున్నదని నమ్మియు, ఈ పని మాత్రము దానిది కాదని చెప్పగలిగెను. ఏమియు నమ్మనివాడు ఆ మాట చెప్పుట సులభము. నమ్మినవాడు చెప్పుట కష్టము. అందుచేత నాకు ఆయనయందు గౌరవము.

ఆ ఆవిరి యేమో హాఫ్మన్‌కు తెలియదు. 1800 ప్రాంతమున క్రూయిక్‌షాంక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు దాని స్వరూపమును నిర్ణయించెను. నేడు దానిని కార్బన్ మోనాక్సైడు అందురు. బొగ్గునకు చాలినంత గాలి అందనప్పుడు అది మిక్కిలిగా పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తము ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె రెండువందల రెట్లకు మించిన బలముతో దీనిని పట్టుకొనును. మొదట తలనొప్పి, పిమ్మట తల తిరుగుట, వాంతి వచ్చినట్లుండుట, కాళ్లు చేతులు స్వాధీనము తప్పుట, తరువాత నిద్ర. ఆ నిద్రనుండి అందఱును లేవరు.

యేనాలో ఆ ముగ్గురును కీడు వెలుపలినుండి వచ్చునని భయపడి, దానికి తగిన రక్షలు చేసికొనిరి. కీడు మధ్య నున్న నిప్పులోనే కూర్చుండి యుండెను. దానిని పిలువలేదు కనుక పంపవలెనని వారికి తోచలేదు.

ఇప్పుడు నా మాట.

నా తొలికాన్పు బిడ్డ పురిటిలోనే పోయెను. రెండవ కాన్పునకు నేను పుట్టింటికి పోయితిని. పదేండ్ల క్రిందటి పుష్యమాసము. ఆడపిల్ల పుట్టినది, నలుసంత పిల్ల. ఈమెనైనను దక్కించుకొనవలెనని మా యమ్మకును, మా పెద్దమ్మకును, వారికంటె ఎక్కువగా నాకును పట్టుదల. గుమ్మమునకు వేపమండలు కట్టించితిమి. గడపయొద్ద చీపురును, పాతచెప్పును పెట్టించితిమి. నా తలగడ క్రింద ఇనుపకత్తి యుంచిరి. గదికున్న ఒక్క కిటికీకి గోనెపట్టా బిగించిరి. ఆ పట్టా బిగింపుమని అడిగినదానను నేనే. రాత్రి పెరటిచెట్టుమీద పైడికంటి కూసినదని భయపడి అడిగితిని. ఇన్ని కావ్యములు చదివి, ఇన్ని శ్లోకములు కంఠస్థము చేసినదానను, ఆ గదిలో నా చుట్టును ఒక వలయము గీయించుకొని కూర్చుంటిని. గది నడుమ బొగ్గుల కుంపటి. దానిమీద పూటపూటకు సాంబ్రాణి, వాము.

తొమ్మిదవనాటి రాత్రి నాకు తల పగిలిపోవునట్లు నొప్పి మొదలైనది. బాలింతకు తలనొప్పి యేమి వింత యని ఊరకుంటిని. కొంతసేపటికి కడుపులో త్రిప్పినట్లైనది. లేవబోతిని, మోకాళ్లు నావి కానట్లు తోచినవి. పిల్ల ఏడ్చుట మానినది. పాలకు కూడ నోరు తెఱవక, గుడ్డముక్క వలె వ్రేలాడినది. “అమ్మా!” అంటినో అనలేదో నాకు తెలియదు.

మా పెద్దమ్మ వచ్చి నన్నును పిల్లనుచూచి, “గాలి సోకినది” అనెను.

సోదరీమణులారా, ఆ మాట పదేండ్లుగా నా చెవిలో నున్నది. అంతకంటె సత్యమైన మాట ఆ రాత్రి మఱియెవ్వరును అనలేదు. సోకినది గాలియే. అయితే ఆ పేరుతో ఆమె తలచినది వేఱు.

తలుపు తెఱచినచో ఇంకను గాలి వచ్చునని తలుపు గట్టిగా మూసిరి. కుంపటిలో మఱికొన్ని బొగ్గులు వేసిరి. యేనాలోని కావలివారు చేసిన పనియే మేమును చేసితిమి. తరువాత పెద్దమ్మ గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు, ఆవాలు దిగదుడిచి కుంపటిలో వేసినది. గదినిండ ఘాటు క్రమ్మినది. మా యమ్మ దగ్గుచు తలుపు తీసినది; పెద్దమ్మకు కన్నులు కనబడక గోనెపట్టాను పట్టుకొని లాగినది; ఎవరో నన్నును పిల్లనుతీసికొని వసారాలోనికి ఈడ్చిరి. ఆ చలిగాలి ముఖమునకు తగిలిన క్షణమున నాకు వాంతియైనది. కొంతసేపటికి పిల్ల కేరుమన్నది. ఆ ఏడుపు వంటి సంగీతము నేనెన్నడును వినలేదు.

మఱునాడు ఆసుపత్రిలో వైద్యురాలు అంతయు విని, “గదిలో బొగ్గులు పెట్టితిరా?” అని ఒక్క ప్రశ్న అడిగినది. అవునంటిమి. ఆమె కోపపడలేదు. “ఇంకొక గంట గడచినచో ఇద్దరును ఉండెడివారు కారు” అని మాత్రము చెప్పినది. ఆనాటినుండి బొగ్గుల ఆవిరిని గుఱించి ఎక్కడ కనబడినను చదువుచు పోగా, ఈ యేనా కథ నాకు దొరకినది. భూతములను పిలుచు విద్యను గుఱించి పంతులుగారి భార్య చదువుటకు కారణ మిది.

మా పెద్దమ్మ నాలుగేండ్ల క్రిందట కాలము చేసినది. మిరపకాయలు వేసి గాలిని వెడలగొట్టి మమ్ము బ్రదికించితినని ఆమె తుదివఱకు చెప్పుకొన్నది. నేను కాదనలేదు. కాదనుట ఎట్లు? మమ్ము చంపబోయినదియు ఆ కుంపటియే. తలుపు తెఱపించినదియు ఆ కుంపటిలో వేసిన మిరపకాయలే. ఆమె ప్రేమలో లోపము లేదు. కాని ఆమె బ్రదికియుండగా నేను నోరు మూసికొనుటచేత, మా వంశములో ఇంకెందఱి పురిటిగదులలో కిటికీలకు పట్టాలు కట్టిరో, దానికి నేనేమి సమాధానము చెప్పగలను? ఆమె మనస్సు నొచ్చునని ఊరకుంటినని చెప్పుకొందును. తప్పు ఒప్పుకొనుటకు సిగ్గుపడితినను మాటయు అబద్ధము కాదు.

ఆదివారము ఆ పిల్లవాడు వచ్చెను. యేనా కథయు, నా కథయు వానికి చెప్పితిని. అంతయు విని, “అయితే దయ్యము రాలేదా, అమ్మగారూ?” అని అడిగెను. వానికి ఇంకను ఆశ తీఱలేదు.

“వారు పిలిచినది వచ్చినట్లు సాక్ష్యము లేదు నాయనా. వారు పిలువనిది మాత్రము వచ్చినది” అంటిని.

మావారు ఆ సాయంకాలమే వాని తండ్రిని పిలిపించి మాట్లాడిరి. అప్పు ఒక మాటతో తీఱునది కాదు. కాని పదునాలుగేండ్ల కొడుకు తనకై దయ్యమునైనను పిలువ సిద్ధపడినాడని విని ఆ తండ్రి చాలసేపు తల యెత్తలేదు. పోవునప్పుడు కొడుకు భుజముమీద చేయి వేసికొని పోయెను.

సోదరీమణులారా, మీరు దయ్యములను నమ్ముదురో నమ్మరో నేనడుగను. హాఫ్మన్ నమ్మెను, అది ఆయన బుద్ధికి అడ్డు రాలేదు. గుమ్మమునకు వేపమండలు కట్టుకొనుడు, దిష్టి తీయుడు, పెద్దల మాట కాదనకుడు. కాని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి నిద్రింపకుడు, బాలింతను పసిబిడ్డను నిద్రింపనీయకుడు. చలికి మఱియొక కంబళి కప్పుడు. గదిలో ఇద్దరు ముగ్గురికి ఒక్కసారి తలనొప్పి వచ్చినచో, సోకినది ఏ గాలియని విచారించుటకు ముందు, అందఱిని బయటికి తీసికొని వచ్చి, వెంటనే ఆసుపత్రికి చేర్పుడు.

పది దినములైన పిమ్మట ఆ పిల్లవాడు మరల వచ్చెను. వాని యక్క పురిటికి వచ్చియున్నదట. నాయనమ్మ కుంపటి రాజేసి గదిలో పెట్టి తలుపు మూయించినదట. వీడు లోపలికి పోయి, మైలయని ఆమె కేకలువేయుచున్నను వినక, కుంపటిని పట్టకారుతో ఎత్తి తెచ్చి వసారాలో పెట్టినాడట. వ్రేలు కాలినది. నాయనమ్మ రెండు దినములు వానితో మాటలాడలేదట.

“ఇప్పుడు కుంపటి యెక్కడ నున్నదిరా?” అని అడిగితిని.

“వసారాలోనే యున్నదండీ” అనెను.